ఏమీ ఇవ్వని పక్క

ఆ వేసవిలో మా తమ్ముడు రిస్తో సముద్రంలో కాలు పెట్టలేదు. ఆస్ట్రేలియాలో, పోర్ట్ కెంబ్లా ఊళ్ళో పుట్టి, గుమ్మంలో నిలబడితే ఉప్పు గాలి మొహాన కొట్టే ఇంట్లో పెరిగినవాడు, ఎండలు మండిపోతున్నా ఒడ్డున బెంచీ మీద కూర్చుని ఈదేవాళ్ళని చూస్తూ ఉండిపోయాడు. పిచ్చి ముదిరిందని మా వీధిలో అనుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. అది ఎప్పుడు ముదిరేదో, ఎప్పుడు తగ్గేదో వాళ్ళకంటే నాకే బాగా తెలుసు. ఆ వేసవిలో వాడి బుర్ర ఎన్నడూ లేనంత కుదురుగా ఉంది. కొంప ముంచింది ఆ కుదురే.

రిస్తోకి పాతికేళ్ళు రాకముందే చెవుల్లో గొంతులు మొదలయ్యాయి. మాత్రలు దొరికాక గొంతులు సద్దుమణిగాయి గానీ వాటి బదులు పొట్ట వచ్చింది, చక్కెర వచ్చింది, మెట్లెక్కితే ఆయాసం వచ్చింది. క్లినిక్కుకి వెళితే గొంతుల సంగతి అడిగేవాళ్ళే గానీ గుండె సంగతి అడిగేవాళ్ళు లేరు. ఒకసారి మోకాలు నొప్పి అంటే, ఆ మాట గొంతులేమైనా చెప్పాయా అని అడిగారట. అప్పటినుంచి వాడు ఒంటి నొప్పుల గురించి నోరు విప్పడం మానేశాడు.

అందుకే క్లినిక్కులో పరిశోధన మొదలవుతోందని తెలియగానే వాణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది నేనే. అది నవంబరు, మాకు డిసెంబరులో వచ్చే వేసవి ఇంకా రాలేదు. పరిశోధన చేసే అమ్మాయి పేరు ఇమొజెన్. సన్నగా, మోచేతుల దాకా మచ్చలతో ఉండే పిల్ల. మాట మర్యాదగా ఉంది. ఈ జబ్బున్నవాళ్ళు మామూలు మనుషులకంటే పదిహేను, ఇరవయ్యేళ్ళు ముందే పోతున్నారనీ, జబ్బు వల్ల కాదు, గుండె వల్ల, చక్కెర వల్ల పోతున్నారనీ, దాన్ని ఎలా ఆపాలో కనిపెట్టడానికే ఇదంతా అనీ దాచకుండా చెప్పింది. నేను అప్పుడే మనసులో లెక్క వేసుకున్నాను. మా అమ్మ వెలీకాకి డెబ్బై ఎనిమిదేళ్ళు. అమ్మ కళ్ళముందు వీడు పోకూడదు. ఆ పరిశోధన నుంచి నేను కోరుకున్నది ఆ ఒక్కటే.

పేర్లిచ్చినవాళ్ళని రెండు పక్కలుగా విడదీస్తారట. ఒక పక్క వాళ్ళకి వ్యాయామం నేర్పే మనిషి, వంట నేర్పే మనిషి, వెంట తిరిగి రక్తం, బీపీ చూసే నర్సు. రెండో పక్క వాళ్ళకి కొత్తగా ఏమీ ఇవ్వరు. వేసవికి ముందు ఒకసారి, చివర ఒకసారి అందరి నడుమూ బరువూ రక్తమూ చూసి, రెండు పక్కల్నీ పోలుస్తారు. ఎవరు ఏ పక్కో చీటీ వేసి తేల్చేది కంప్యూటరు. బతిమాలినా లాభం లేదని ఇమొజెన్ ముందే చెప్పింది. నేను మాత్రం బతిమాలాను.

రిస్తోకి ఏమీ ఇవ్వని పక్క పడింది. వాడి స్నేహితుడు గ్లెన్‌కి అన్నీ ఇచ్చే పక్క పడింది. క్లినిక్కులో పక్కపక్క కుర్చీల్లో సూది కోసం కూర్చుని కలిసినవాళ్ళిద్దరూ. గ్లెన్ మహా బద్ధకస్తుడు, ఎదురింటి దుకాణానికి కూడా బస్సు ఉందేమో చూసే రకం. కోరుకున్నవాడికి దక్కలేదు, అక్కర్లేనివాడి ఒళ్ళో పడింది. రిస్తో కంటే ఎక్కువ నా మొహం మాడిపోయి ఉంటుంది. ఇమొజెన్ అది చూసి వాడి వైపు కుర్చీ జరుపుకుంది.

"రిస్తో, మీకు ఏమీ దక్కలేదనుకోకండి. మీ పక్క వాళ్ళు లేకపోతే ఈ పనే లేదు. మీరు ఎప్పటిలాగే ఉంటేనే, వాళ్ళకి మేలు జరిగిందో లేదో మాకు తెలుస్తుంది. మీరు చేసేది చిన్న పని కాదు."

రిస్తో ఆమె మొహంలోకి చూశాడు. మామూలుగా వాడు ఎవరి మొహంలోకీ చూడడు. "ఎప్పటిలాగే ఉండాలి," అన్నాడు. ఆమె అవునంది. వాడు లేచి ఆమెతో చెయ్యి కలిపాడు, మా నాన్న ఉక్కు ఫ్యాక్టరీలో మేస్త్రీతో పని ఒప్పుకున్నప్పుడు కలిపినట్టు. నేను అది చూసి నవ్వుకున్నాను కూడా.

మొదటి గొడవ ఉపవాసాల దగ్గర వచ్చింది. మేం మసిడోనియా నుంచి వచ్చినవాళ్ళం, మా క్రిస్మస్ జనవరి ఏడున. దానికి ముందు నలభై రోజులు అమ్మ మాంసం, జున్ను, గుడ్డు ముట్టదు. చిక్కుళ్ళు, క్యాబేజీ, రొట్టె, అంతే. రిస్తో ఏటా అమ్మతో పాటు ఉండేవాడు. భక్తితో కాదు, అమ్మ ఒక్కతే తినకుండా ఉంటే వాడికి ముద్ద దిగదు. ఏడాది మొత్తం మీద వాడి బెల్టు ఒక చిల్లు లోపలికి వెళ్ళేది ఆ నలభై రోజులే. ఆ ఏడు ఉపవాసం మొదలైన శుక్రవారం పూట అమ్మ చర్చి నుంచి వచ్చేసరికి వాడు పెనం మీద పంది మాంసం సాసేజిలు వేయించుకుంటున్నాడు.

అమ్మ శిలువ గుర్తు వేసుకుని, వాడికి జబ్బు తిరగబెట్టిందేమోనని నా వైపు చూసింది. నెమ్మదిగా అడిగింది. "నాయనా, ఇవాళ ఏం రోజో తెలుసా?"

"తెలుసమ్మా. ఈ ఏడు నేను ఉండకూడదు. మాటిచ్చాను."

"దేవుడి కంటే ఎక్కువా ఆ మాట? ఎవరికిచ్చావు?"

"ఇమొజెన్‌కి. నన్ను తూచినరోజు నేను సాసేజిలు తినేవాణ్ణి. ఇప్పుడు మానేస్తే లెక్క చెడిపోద్ది."

అమ్మకి ఒక్క ముక్క అర్థం కాలేదు. నాకు మాత్రం అప్పుడు అర్థమైంది, వీడు బెంచీ మీద ఎందుకు కూర్చుంటున్నాడో. తూచినరోజుకి ఇంకా చలి పోలేదు, వాడు ఈతకి వెళ్ళడం లేదు. కాబట్టి ఎండలు వచ్చినా వెళ్ళకూడదు. ఏటా ఎండలు మొదలవగానే పొద్దున్నే, ఒడ్డున సముద్రపు నీళ్ళతో నింపే కొలనులో అటూ ఇటూ తిరిగేవాడు. ఆ నీళ్ళలో ఉన్నంతసేపే వాడి ఒళ్ళు వాడి మాట వినేది. దాన్ని కూడా వదులుకున్నాడు. అక్కడ గ్లెన్ చేతికి గంట కట్టినట్టు ఒక మిషను కట్టి, రోజూ ఎంత నడిచాడో చూస్తున్నారు. గ్లెన్ ఆ మిషనుని పక్కింటి కుక్కకి కట్టి పంపిస్తున్నాడని రిస్తోయే చెప్పి నవ్వాడు. నవ్వి, వెంటనే, అది తప్పని కూడా అన్నాడు. గ్లెన్‌తో ఆ విషయం మీద రెండు రోజులు మాట్లాడలేదు.

నేను క్లినిక్కుకి ఫోన్ చేసి ఇమొజెన్‌ని నాలుగు మాటలన్నాను. పాపం, ఆమె నిజంగానే కంగారు పడింది. మర్నాడు ఇంటికే వచ్చి, మా వంటింట్లో కూర్చుని, అమ్మ పోసిన కాఫీ తాగుతూ రిస్తోకి విడమరచి చెప్పింది. ఈదండి, ఉపవాసం ఉండండి, ఒంట్లో బాగోకపోతే డాక్టరు దగ్గరకి పరిగెత్తండి, మేం ఏదీ వద్దనలేదు, ఎప్పటిలాగే అంటే మీ ఇష్టం వచ్చినట్టు అని అర్థం, అంది. ఇంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేరు. రిస్తో బుద్ధిగా తల ఊపాడు. గేటు దాకా వెళ్ళి సాగనంపాడు. తిరిగి వచ్చి ఫ్రిజ్ తెరిచి, ఎప్పటిలాగే కోలా సీసా తీశాడు.

"వినలేదా ఆ పిల్ల చెప్పింది?" అన్నాను.

"విన్నాను. ఆవిడ అలాగే అనాలక్కా. వద్దని చెప్పే హక్కు వాళ్ళకి లేదు. గ్లెన్ నడవకపోయినా ఏమీ అనకూడదు, నేను ఈదినా ఏమీ అనకూడదు. అక్కడే ఉంది కిటుకు. ఎవరు మాట మీద నిలబడతారో మన మీద వదిలేశారు."

చెవిటివాడి ముందు శంఖం ఊదినా కొంత నయం, వాడు కనీసం ఊదుతున్నావని చూస్తాడు. నేను కోపం ఆపుకోలేక, నీ ఒళ్ళు గుల్లయిపోతే ఆ పరిశోధన వచ్చి మోస్తుందా అని అరిచాను. అమ్మ పొయ్యి దగ్గర నుంచి వెనక్కి తిరిగింది. రిస్తో కోలా సీసా మూత తిప్పుతూ, పైకి చూడకుండా, మెల్లగా అన్నాడు.

"అక్కా, ఇన్నేళ్ళలో నన్నెవరైనా ఒక పని అడిగారా? మాత్ర మింగమన్నారు. సూది వేయించుకోమన్నారు. అక్కడ కూర్చోమన్నారు. పని అడిగింది ఈ పిల్ల ఒక్కత్తే."

మా ఇంగ్లీషు అర్థం కాక అమ్మ ఏమంటున్నాడని అడిగితే, ఈ ఏడు వాడి ఉపవాసం కూడా నువ్వే ఉండమంటున్నాడని చెప్పాను. అమ్మ సరేనంది. ఆ ఏడు శుక్రవారాలు నూనె కూడా మానేసింది.

జనవరి అంతా వాడు బెంచీ మీదే ఉన్నాడు. నేను వృద్ధాశ్రమంలో వంట చేసి సాయంత్రం బస్సు దిగేటప్పటికి, తువ్వాలు భుజాన వేసుకుని మరీ కూర్చుని కనిపించేవాడు. తువ్వాలెందుకురా అంటే, అలవాటు అనేవాడు. ఎవరైనా పిల్లలు కొలను లోతు వైపుకి వెళితే లేచి నిలబడేవాడు, వెనక్కి వచ్చాక కూర్చునేవాడు. పక్కన గ్లెన్ ఉండేవాడు. వాళ్ళిద్దరికీ రాజీ కుదిరింది. కుక్కకి కట్టిన మిషను గ్లెన్ చేతికి తిరిగి వచ్చింది. రిస్తో పోరు పడలేకే గ్లెన్ నిజంగా నడవడం మొదలుపెట్టాడు. "నేను నా వాటా చేస్తున్నాను, నువ్వు నీ వాటా చెయ్యి," అని రోజూ లేపేవాడట. గ్లెన్ ఒడ్డు పొడుగునా అవతలి లైట్‌హౌసు దాకా నడిచి వచ్చేవాడు. రిస్తో బెంచీ మీద కూర్చుని వాడు వెళ్ళిన వైపే చూసేవాడు. వేసవి సగమయ్యేసరికి గ్లెన్ దవడ ఎముక బయటపడింది. మా వాడి కాళ్ళు సాయంత్రమయ్యేసరికి చెప్పుల్లో పట్టేవి కావు.

ఫిబ్రవరి చివర మా ఇళ్ళలో అయ్వార్ పెట్టే రోజులు. మీ ఆవకాయ ఎలాగో మాకు అయ్వార్ అలాగ. బస్తాల కొద్దీ ఎర్ర క్యాప్సికం తెచ్చి, గరాజులో పొయ్యి పెట్టి కాల్చి, తొక్క ఒలిచి, నూరి, నూనెలో గంటల తరబడి కలిపి సీసాలకెత్తాలి. ఆ వారమంతా మా మసిడోనియా వాళ్ళ వీధి మొత్తం ఒకటే కమురు వాసన. తొక్క ఒలవడం రిస్తో పని. వేడివేడిగా ఉండగానే ఒక్క లాగుతో, కండ చిరక్కుండా ఒలిచేవాడు. అమ్మకి ఆ పని ఇంకెవరు చేసినా నచ్చదు.

ఆ శనివారం పొద్దున వాడి మొహం పాలిపోయి ఉంది. చొక్కా తడిసిపోయింది. నేను అడిగితే పొయ్యి సెగ అన్నాడు. సెగకి నేనూ తడిసే ఉన్నాను, అమ్మా తడిసే ఉంది. బస్తాలు ఇంక మోయొద్దని చెప్పి కుర్చీ వేశాను. అమ్మ తన గ్లాసులోంచి మజ్జిగ తాగించింది. కాసేపటికి తేరుకున్నాడు. ఎప్పటిలాగే ఒలిచిన కాయని పైకెత్తి వెలుగులో చూపించాడు, ఎక్కడా నల్ల మచ్చ లేదని. చివరి కొలతలు వచ్చే గురువారమే అని అమ్మకి చెప్పాడు, ఆ పని అయిపోగానే వాడు కొలనులో దూకడం చూడ్డానికి అమ్మ కూడా రావాలట. అమ్మ నీళ్ళంటే భయపడుతుంది. వస్తానంది.

నేను లోపలికి వెళ్ళి సీసాలు కడిగి, ట్రేలో పెట్టుకుని తెచ్చాను. అమ్మ మూకుడు దగ్గర వెనక్కి తిరిగి కలుపుతోంది. పొయ్యి మీద కాయలు మాడుతున్నాయి. వాడు ఎప్పుడూ మాడనివ్వడు. నేను కాయలు తిప్పరా అన్నాను. రిస్తో కుర్చీలోనే ఉన్నాడు, గడ్డం గుండెల మీదికి వాలి ఉంది. ఒళ్ళో సగం ఒలిచిన కాయ. తొక్క ఇంకా వేళ్ళకి అంటుకునే ఉంది. నేను ట్రే కింద పెట్టాను. ముందు పొయ్యి ఆపాను. తర్వాత అమ్మని పిలిచాను.

గుండె అన్నారు. అంతకు ముందే రెండు మూడుసార్లు చిన్నగా వచ్చి ఉంటుందన్నారు. నాకు చెప్పకుండా వాడు ఎవరికి చెబుతాడు? గ్లెన్‌కి చెప్పాడు. అంత్యక్రియలనాడు చర్చి మెట్ల మీద గ్లెన్ నా పక్కన కూర్చుని, అరువు కోటు చేతులు లాక్కుంటూ చెప్పాడు. మా వాడు నన్ను అక్కా అంటాడని గ్లెన్ కూడా అదే మాట నేర్చుకున్నాడు.

"చెయ్యి లాగుతోందన్నాడక్కా. దవడ కూడా. ఆస్పత్రికి పోదాం పదా అన్నాను. ఇప్పుడు పోతే కొత్త మందులిస్తారు, నా పక్క పాడైపోద్ది అన్నాడు. గురువారం దాకా ఆగుతానన్నాడు. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు."

వాణ్ణి చాచి కొట్టాలనిపించింది. కొడితే పడిపోయేలా ఉన్నాడు. అంత సన్నబడ్డాడు. వేసవి మొదట్లో అయితే ఆ కోటు వాడికి బొత్తాలు పట్టి ఉండేది కాదు. నేను వాడి కాలరు సరిచేసి లోపలికి రమ్మన్నాను.

నలభయ్యో రోజుకి మా ఇళ్ళలో గోధుమలు ఉడకబెట్టి, పంచదార, అక్రోటు పప్పు కలిపి వచ్చినవాళ్ళకి పెడతాం. పోయినవాడి పేరు చెప్పుకుని తలా ఒక చెంచా తినాలి. గ్లెన్ వచ్చాడు. వాడి వెనకాల ఇమొజెన్ కూడా వచ్చింది, నల్ల గౌనులో, చేతుల్లో ఏమీ లేకుండా. రావడానికి ధైర్యం కావాలి, అది ఒప్పుకోవాలి. మిగతావాళ్ళు వెళ్ళిపోయాక వంటింట్లో, అప్పుడు కాఫీ తాగిన కుర్చీలోనే కూర్చుంది. నేను మర్యాదలకి పోలేదు. వాడి పేరు ఇప్పుడు కొట్టేశారా అని అడిగాను.

"లేదు దఫీనా గారూ. చీటీలో ఏ పక్క పడ్డారో చివరిదాకా ఆ పక్కనే ఉంటారు. మధ్యలో మానేసినా, చెప్పింది చెయ్యకపోయినా, చనిపోయినా. అందర్నీ కలిపే పోలుస్తాం. లేకపోతే అది నిజం కాదు."

"అయితే గ్లెన్ పక్క గెలుస్తుంది."

ఒక్క మనిషి వల్ల తేలదని, ఇంకా కొంతమందికి కొలతలు మిగిలే ఉన్నాయని అంది. కానీ గ్లెన్ పక్కే బాగుందని ఆమె మొహమే చెబుతోంది. ఆ పక్క గెలిస్తే క్లినిక్కులో అందరికీ ఆ నర్సునీ, ఆ వ్యాయామం మనిషినీ ఇస్తారట. మా వాడు కూడా అది గెలవడానికి పనికొచ్చాడన్నమాట. ఈ మాట నేను పైకి అనలేదు. రిస్తో అయితే విని సంతోషపడేవాడు, అదే నాకు కడుపు మండించింది. తర్వాత ఇమొజెన్ అంది, మొదటిరోజు చెప్పే మాటలు మార్చేశామని, ఎప్పటిలాగే అనే మాట ఇప్పుడు ఎవరికీ చెప్పడం లేదని. మీరు వాడికి వచ్చి మరీ చెప్పారు కదా అన్నాను. అది నిజం. ఆమె మీద పూర్తిగా కోపం తెచ్చుకోవడానికి కూడా నాకు దారి లేకుండా పోయింది.

అమ్మకి ఇంగ్లీషు కొట్టులో సామాను అడిగేంతవరకే వచ్చు. ఆ పిల్ల ఏమంటోందని నన్ను అడిగింది. రిస్తో మాట నిలబెట్టుకున్నాడట, వాడి పేరు ఇంకా వాళ్ళ దగ్గరే ఉందట అని చెప్పాను. అమ్మ తల పంకించింది. వాడి పక్కన ఇంకా మనుషులున్నారా అంది. ఉన్నారన్నాను. వాళ్ళకేం పెడుతున్నారు అంది. ఏమీ పెట్టరమ్మా, అదే ఆ పక్క అన్నాను.

అమ్మ లేచి గోధుమల గిన్నె దగ్గరికి తెచ్చుకుంది. అయ్వార్ కోసం కొన్న పెద్ద డబ్బా ఒకటి వెతికి, గోధుమలు నిండా వేసి, పైన పంచదార చల్లి, అరచేత్తో అదిమి మూత పెట్టింది. తెచ్చి ఇమొజెన్ ఒళ్ళో పెట్టింది.

"మా వాడి పక్క వాళ్ళందరికీ తలా ఒక చెంచా పెట్టమను," అంది అమ్మ. "వాడి పేరు చెప్పి పెట్టమను."

నేను ఇంగ్లీషులో చెప్పాను. ఇమొజెన్ కళ్ళు ఎర్రబడ్డాయి. ఆ పక్క వాళ్ళకి ఆమె ఏమీ ఇవ్వకూడదన్నది నియమం. అది అమ్మకి తెలియదు, గ్లెన్‌కి తెలుసు, నాకు తెలుసు. ఆమె రెండు చేతులా డబ్బా పట్టుకుని, సరే పెడతానని అమ్మకి చెప్పమంది. చెప్పాను.